పైన పచ్చ, కింద ఉప్పు

ఏలూరు దాటి రైలు తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు పోతుంటే రెండు కిటికీల్లో రెండు వేర్వేరు సీమలు. కుడివైపు వరిచేలు, రొయ్యల చెరువులు, కాలువ గట్లు. కనుచూపు మేర మిట్ట అన్నది లేదు. ఎడమవైపు కాస్త లోపలికి వెళ్తే చాలు, ఎర్రనేల, పామాయిల్ తోటలు, కోకో, పొగాకు బ్యారన్లు. ఇటు డెల్టా, అటు మెట్ట. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గీసిన గీతల కన్నా ఈ గీత చాలా పాతది. దీన్ని గీసింది గోదావరీ, సముద్రమూను.

డెల్టాకి నీళ్ళున్నాయి, మెట్టకి లేవు అని అందరం అనేసుకుంటాం. నేల మీద చూస్తే నిజమే. నేల కిందికి దిగితే లెక్క తిరగబడుతుంది. తియ్యటి నీళ్ళు మెట్ట అడుగున ఉన్నాయి. డెల్టాలో చాలాచోట్ల బోరు వేస్తే వచ్చేది ఉప్పునీరే.

మెట్ట కింద ఉన్నది ఇసుకరాయి. రాయలసీమలోనో తెలంగాణలోనో బోరు వేస్తే గట్టి రాతి పగుళ్ళలో ఎక్కడో జల తగలాలి. పగులు తప్పితే పొడి బోరే. ఇక్కడ అలా కాదు. రాయి మొత్తం రేణువుల మధ్య నీళ్ళు పట్టి ఉంచుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ పొరలకు ఇక్కడి ఊళ్ళ పేర్లే పెట్టాడు: అడుగున గొల్లపల్లి ఇసుకరాయి, దాని మీద రాఘవాపురం షేల్, ఆపైన తిరుపతి ఇసుకరాయి. ఈ తిరుపతి ఏడుకొండలది కాదు, ద్వారకా తిరుమల, మన చిన్న తిరుపతి. ఇంకా తూర్పుగా, గోదావరి దగ్గరికి వస్తే పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి కనబడుతుంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావా పారి గడ్డకట్టిన రాయి అది. దాని మీద మళ్ళీ రాజమండ్రి ఇసుకరాయి.

ఈ నేలలో బోరు వేయడం చూడాలి. ఇసుకరాయి కూలిపోతుంది కాబట్టి బురద నీళ్ళు తిప్పుతూ రోటరీ రిగ్గుతో తవ్వుతారు. అడుగుదాకా కేసింగ్ దింపుతారు. జల ఉన్న పొర ఎదురుగా చీలికల పైపు పెడతారు. గుంతలోంచి పొర్లి వచ్చే బురదని రిగ్గు మేస్త్రీ అరచేతిలో వేసుకుని నలుపుతాడు. గరగరలాడితే మొహం వెలుగుతుంది. నీలి బంక తగిలిందంటే షేల్‌లోకి దిగినట్టే, అక్కడ నీళ్ళు రావు. "ఇంకో నాలుగు పైపులు దింపేద్దామా అండీ?" అని అడుగుతాడు. పైపుకి ఇంతని లెక్క కట్టుకుంటూ రైతు మేస్త్రీ మొహమూ, గుంతా మార్చి మార్చి చూస్తాడు.

పొరలన్నీ ఆగ్నేయంగా వాలి ఉంటాయి. బంక పొర కింద చిక్కిన నీటికి ఒత్తిడి ఎక్కువ. అందుకే మెట్టలో కొన్నిచోట్ల మోటారు లేకుండానే పొంగే బోర్లు ఉండేవి. ఆ ధీమాతోనే పామాయిల్ వచ్చింది. లెక్క చూడండి: ఎకరానికి 57 మొక్కలు, కాసే చెట్టుకి వేసవిలో రోజుకి 200 లీటర్ల పైమాటే. అంటే ఎకరానికి పదకొండు వేల లీటర్లకు పైగా, అదీ వాన చుక్క లేని నెలల్లో. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి తోడే నీటికి బిల్లు రాదు. బిల్లు వచ్చేది లోతు రూపంలో. పాత బోరు పక్కనే ఇంకా లోతు బోరు, ఇంకా పెద్ద మోటారు. పామాయిల్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు, మెట్ట రైతుకి నెలనెలా డబ్బు చూపించిన పంట అది. కానీ ఇసుకరాయిలో నీరు కదిలేది మహా నిదానంగా. తోడినంత వేగంగా వాన దాన్ని నింపలేదు.

ఇక డెల్టా. ఇది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. సుమారు 6,000 ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటి కన్నా ముప్పై కిలోమీటర్లకు పైగా లోపలికి ఉండేది. అది వెనక్కి జరుగుతూ ఒక్కో కాలంలో ఒక్కో ఇసుక మెరక వదిలిపోయింది. తీరానికి సమాంతరంగా ఉండే ఆ దిబ్బల మీదే చాలా ఊళ్ళు వెలిశాయి. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండు పక్కలా పెరుగుతుంటే నడుమ మిగిలిన పల్లం కొల్లేరు. సముద్రం పోయినా దాని ఉప్పు మట్టి పొరల్లో చిక్కుకుపోయింది.

1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలువ నీళ్ళు ఈ ఉప్పు మీద పచ్చదనం పరిచాయి. అడుగున ఉప్పు అలాగే ఉంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారనగానే పంచాయతీలన్నీ మంచినీళ్ళ చెరువులు నింపుకోవడానికి పరుగులు తీసేది అందుకే. మళ్ళీ నీళ్ళు వదిలే జూన్ దాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. చుట్టూ ఇన్ని నీళ్ళుండి, బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడే ఊళ్ళు తీరంలో ఉన్నాయి.

ఆ ఇసుక మెరకలు మాత్రం వేరు. వాటి మీద పడిన వాన ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని శాస్త్రం. తిరగేసి చదివితే భయం వేస్తుంది. పైన అడుగు దిగిందంటే కింద ఉప్పు నలభై అడుగులు పైకి వస్తుంది. తీరపు రైతుకి ఈ సూత్రం పుస్తకంలో చదవకుండానే తెలుసు. ఇసుకలో లోతు తక్కువగా దొరువు తవ్వి, ఊరినంత మేరకే తోడి మొక్కలకు పోసుకునేవాడు. అదే మెరకని పొక్లెయిన్‌తో లారీలకెత్తితే దిబ్బతోపాటు నీళ్ళూ పోతాయి.

ఇప్పుడు ఇంకో తమాషా. తాతలు తిట్టిపోసిన ఉప్పుజలకి మనవలు గిరాకీ తెచ్చారు. వనామీ రొయ్యకి కాస్త ఉప్పదనం కావాలి. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల బోరు వేసి, ఉప్పునీరు పడిందని సంతోషించే రైతులున్నారు. చెరువు గట్టు దాటి ఆ ఊట పక్క వరిచేలోకి దిగితే ఆ చేను రైతుకి మాత్రం సంతోషం ఉండదు. రెండేళ్ళు చూసి అతనూ చేను లీజుకిచ్చేస్తాడు. ఉప్పు నీరు మురుగు కాలువలో పడుతుంది. వేసవిలో ప్రవాహం సన్నగిల్లితే ఉప్పుటేరు మీదుగా సముద్రపు పోటు కొల్లేటి వైపు ఎగదన్నుతుంది.

మెట్టకీ డెల్టాకీ సంబంధం లేదనుకోవద్దు. మెట్టలో పారే తమ్మిలేరు కొల్లేటిలో కలుస్తుంది. ఎర్రకాలువ దిగువన యనమదుర్రు డ్రెయిన్‌గా మారి భీమవరం మీదుగా పోతుంది. మెట్టలో ఇంకని వాన డెల్టాలో ముంపు. రాళ్ళకీ అదే బంధుత్వం: రాఘవాపురం షేల్ డెల్టా అడుగున చాలా లోతుకి దిగి, కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురుకీ గ్యాసుకీ తల్లిరాయి అయింది. మెట్ట బోరు మేస్త్రీ విసుక్కునే నీలి బంక కోసమే దిగువన చమురు ఇంజనీర్లు వెతుకుతుంటారు.

కాబట్టి నీళ్ళు ఇంకించుకోవలసింది మెట్టలోనే. పోలవరం కుడికాలువ 174 కిలోమీటర్ల పొడవునా మెట్ట అంచు మీదుగానే కృష్ణకి వెళ్తుంది. పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక అందులో గోదావరి నీరు పారుతోంది. ఇక్కడే పేచీ. కాలువలో ఇంకిన నీరు ఇంజనీరు లెక్కలో నష్టం, అందుకే సిమెంటు లైనింగ్. అదే నీరు పక్కన బోరున్న రైతు లెక్కలో లాభం. నదుల అనుసంధానం గురించి ఇంత మాట్లాడతాం గానీ, కాలువ దారిలోని ఇసుకరాయికి ఎంత తాగించాలన్న లెక్క కూడా డిజైన్‌లో ఉండాలని నాకనిపిస్తుంది. ఆ గట్టు మీద ఏ రైతుని కదిపినా, లైనింగ్ ఏదో మా ఊరు దాటాక వేసుకోమనండీ అనడం ఖాయం.