శోకము - పరామర్శ: కేతేపల్లి సీమ ఆచారముల పరిశీలనము

'శోకము' అను పదమునకు మూలమైన 'శుచ్' ధాతువునకు జ్వలించుట, తపించుట అను భావములు కలవు. 'పరామర్శ' పదమునకు మూలమైన 'మృశ్' ధాతువునకు స్పృశించుట అని అర్థము. తర్కశాస్త్రమున పరామర్శ యనగా అనుమితికి హేతువగు జ్ఞానము. తెలుగు వాడుకలో నది చావు జరిగిన యింటికి బోయి ఆప్తులను పలుకరించుట యైనది. తపించువారిని స్పృశించుటయే పరామర్శ యని యీ రెండు పదములను గలిపి చెప్పుకొనవచ్చును. ఆ స్పర్శ దుఃఖమును మరపింపవలెనా, మోయుటకు దోడ్పడవలెనా? ఈ ప్రశ్నను నల్లగొండ జిల్లాలో మూసీ చెంతనున్న కేతేపల్లి సీమ వాడుకల ననుసరించి పరిశీలింప దలచితిమి.

దక్షిణ తెలంగాణపు గ్రామములందు పలు కుటుంబములలో, మరణము జరిగిన మూడవనాడు 'పిట్టకు పెట్టుట' యను ఆచారము కలదు. పోయినవారికి ఇష్టమైన వంటకములను విస్తరిలో నుంచి, బంధువులు దూరముగా నిలిచి కాకి కొరకు ఎదురుచూతురు. కాకి ముట్టిన యెడల పోయినవారు తృప్తి చెందిరని విశ్వాసము. ముట్టనిచో, వారికి తీరని కోరిక యేదో కలదని తలచి, బిడ్డ పెండ్లి చేయుదుమనియో, ముసలితల్లిని చూచుకొందుమనియో దగ్గరివారు మాట యిత్తురు. ఇందలి విశ్వాసము సత్యమా కాదా యనునది మా విచారణకు వెలుపలిది. ఆ నిరీక్షణలో జరుగు పని యేమన, పోయినవారితో ఎదుటనున్నవారితో వలె మాటలాడుటకు అవకాశము లభించుట. వారు విడిచిపోయిన బాధ్యత నలుగురి సాక్షిగా మరియొకరి భుజమునకు మారుట.

భాద్రపద అమావాస్యను ఈ సీమవారు పెత్రమాస యందురు. ఆనాడు పెద్దల పేరు చెప్పి బియ్యమును, కూరగాయలను దానమిత్తురు. ఆనాటి సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ. స్త్రీలు పూలు పేర్చి, చుట్టును తిరిగి పాడుదురు. చావు జరిగిన యింటివారు తొలియేడు పండుగ జరుపకుండుట సామాన్యము. తరువాతి యేండ్లలో వారికిని ఒకే దినమున ఉదయము స్మరణము, సాయంకాలము పాట యగును. ఒకటి రెండవదానిని తుడిచివేయదు.

ఆధునిక మనశ్శాస్త్రము ఈ స్థితికి కొంత ఆలస్యముగ వచ్చినది. 1917లో ప్రకటితమైన వ్యాసమున ఫ్రాయిడ్, పోయినవారి నుండి మనస్సు క్రమముగా విడివడుటయే శోకము చేయు పని యని భావించెను. 1969లో కూబ్లర్-రాస్ చెప్పిన అయిదు దశలు మృత్యుముఖమున నున్న రోగులతో జరిపిన సంభాషణలనుండి పుట్టినవి. వానిని శోకార్తులందరును వరుసగా దాటవలసిన మెట్లుగా బోధించుట యుక్తము కాదు. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అను పండితులు, పోయినవారితో బంధము రూపము మారి కొనసాగుట సహజమని నిరూపింప యత్నించిరి. 1999లో స్ట్రోబ్, షుట్ అనువారు, శోకార్తుని మనస్సు నష్టమువైపునకును, జీవితపు పనులవైపునకును మార్చి మార్చి ఊగుచుండుననియు, ఆ ఊగుటయే కోలుకొనుటకు మార్గమనియు ప్రతిపాదించిరి. పెత్రమాస ఉదయ సాయంకాలములను ఈ సిద్ధాంతమునకు సరియైన ఉదాహరణముగా మేము భావించుచున్నాము.

అయినను ఆచారము అందరి దుఃఖమునకును తావీయదు. పసిబిడ్డ మరణించినచో కర్మకాండ నామమాత్రము, పెక్కుచోట్ల శూన్యము. తల్లికి ఏడ్చుటకు నియతమైన దినమే లేదు. భర్తను గోల్పోయిన స్త్రీకి గాజులు పగులగొట్టి, బొట్టు చెరిపి, శుభకార్యములకు దూరము చేయుట ఓదార్పు కాదు, రెండవ దెబ్బ. ఆత్మహత్య జరిగిన ఇంట దుఃఖమునకు అపవాదు తోడై నోరు మూయించును. ఇట్టి అనుమతి లేని శోకమును గూర్చి కెన్నెత్ డోకా 1989లో ఒక గ్రంథమును వెలువరించెను.

తెలుగు పాఠకునకు ఇది కొత్తగాదు. తిక్కన తెనిగించిన స్త్రీపర్వమున గాంధారి రణభూమిలో తనవారిని ఒక్కొక్కరిని చూచి బిగ్గరగా విలపించును. ఆమె శోకమునకు లోకము సాక్షి. కుంతికి ఆ భాగ్యము లేదు. ఉదకదాన సమయమున గాని, కర్ణుడు తన కుమారుడని ఆమె వెల్లడింపజాలదు. పేరు చెప్పి నీరు విడువవలసి వచ్చినప్పుడే ఆమె దాచిన దుఃఖము బయటపడెను. ధర్మరాజు శోకము శాంతిపర్వమునకు సాగుటకు ఆ యాలస్యమును ఒక హేతువు. కర్మకాండకు గల శక్తియు, మౌనమునకు గల హానియు ఈ ఒక్క ఘట్టమున స్పష్టములు.

కావున పరామర్శించువారు 'మరచిపొమ్ము' అనుట తగదు. పోయినవారి పేరెత్తి మాటలాడనీయవలెను, వినవలెను, ఇంటి పనిలో, పొలము పనిలో పాలు పంచుకొనవలెను. పదునొకండవ నాటితో రాకపోకలు తగ్గును, దుఃఖము తగ్గదు. తండ్రిని గోల్పోయి తరగతికి మరలిన విద్యార్థికి ఉపాధ్యాయుడు గడువు పెంచి యిచ్చుట, నెల గడచిన పిమ్మట మరల పలుకరించుట గొప్ప సాయము. నెలలు గడచినను దైనందిన జీవితము సాగనిచో, మరణించు తలంపు కలిగినచో, వైద్యుని ఆశ్రయింపవలెను. చావు తలంపు విషయమున జాగు కూడదు. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై లభించును.

ఆచారము తావిచ్చినచోట దానిని నిలుపుకొనుట, తావీయనిచోట మనమే తావు కల్పించుట: పరామర్శ యనగా ఇదియే యని మా నిర్ణయము.