బైపాస్ చేసినా మళ్లీ పూడికెందుకు?

మొన్న మా ఓపీకి ఒక టమాటా రైతు వచ్చారు. బైపాస్ జరిగి నాలుగేళ్లయింది. ‘ఆపరేషన్ అయిపోయింది, బాగానే ఉండాను కదా సార్’ అని ఏడాదిన్నర కిందటే మాత్రలు ఆపేశారు. ఇప్పుడు గట్టు ఎక్కుతుంటే ఛాతీ బరువెక్కుతోంది. యాంజియోగ్రామ్‌లో, కాలి నుంచి తీసి వేసిన సిరే మూసుకుపోయి కనిపించింది. పలమనేరు నుంచి తిరుపతి, వేలూరు, బెంగళూరు వెళ్లి ఆపరేషన్ చేయించుకుని వచ్చేవారిలో ఈ పొరపాటు తరచూ చూస్తుంటాను.

బైపాస్‌లో ఏం చేస్తారు?

పాత పూడికను తీయరు. దాన్ని దాటి రక్తం వెళ్లేలా పక్కదారి వేస్తారు. అంటే జబ్బు అలాగే ఉంటుంది. పక్కదారికి సాధారణంగా ఛాతీ లోపలి ధమనినీ, కాలి సిర ముక్కలనూ వాడతారు. కాలి సిరతో బైపాస్‌ను 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రెనె ఫవలోరో మొదలుపెట్టి ప్రాచుర్యంలోకి తెచ్చారు.

సిర ఎందుకు పాడవుతుంది?

పడుకున్నప్పుడు కాలి సిరలో ఒత్తిడి సుమారు 10 మాత్రమే. గుండె మీద కుట్టగానే 120 ఒత్తిడి తగులుతుంది. పలుచని పైపును బోరు మోటారుకు బిగించినట్టే.

- మొదటి నెల: సిరను తీసి కుట్టేటప్పుడు లోపలి పొర కాస్త దెబ్బతింటుంది. అక్కడ రక్తం గడ్డకట్టవచ్చు.
- ఏడాదిలోపు: ఒత్తిడిని తట్టుకోవడానికి సిర గోడ లోపలివైపు మందమవుతుంది. దారి ఇరుకవుతుంది.
- ఏడాది దాటాక: ఆ గోడలో కొలెస్ట్రాల్ పేరుకుంటుంది. బీడీ, సిగరెట్, షుగర్, బీపీ దీన్ని వేగవంతం చేస్తాయి.

పదేళ్లకు కాలి సిరల్లో దాదాపు సగం మూసుకుపోతాయి. ఛాతీ ధమని మాత్రం నూటికి 90 మందిలో తెరిచే ఉంటుంది. ధమనిగా పుట్టింది కాబట్టి ఆ ఒత్తిడి దానికి అలవాటే.

మన చేతుల్లో ఉన్నది

- ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపొద్దు. పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టర్‌ను అడగండి.
- ‘కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది’ అని స్టాటిన్ మాత్ర మానొద్దు. నార్మల్‌గా ఉన్నది ఆ మాత్ర వల్లే. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి.
- బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. ‘రోజుకొకటే’ అన్నా ముప్పే.
- బీపీ, షుగర్ క్రమం తప్పకుండా చూపించుకోండి. వాటికి మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తారు.
- డాక్టర్ చెప్పిన మేరకు రోజూ నడవండి. ఉప్పు, నూనె, ఊరగాయలు తగ్గించండి.

నడిస్తే ఛాతీలో బరువు, ఆయాసం మళ్లీ మొదలైతే ‘గ్యాస్’ అనుకుని సోడా తాగి ఊరుకోవద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించండి. కూర్చున్నప్పుడే నొప్పి వచ్చి చెమటలు పడితే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో బైపాస్ అయినవారు ఉంటే ఈ రోజే వారి మాత్రల డబ్బా తెరిచి చూడండి. ఏ మాత్ర ఎప్పుడు ఆపేశారో అడగండి. ఆ రైతును ఇంట్లోవాళ్లు ఒక్కరు అడిగి ఉన్నా, ఏడాదిన్నర క్రితమే తిరిగి మొదలుపెట్టేవారేమో.

– ఫిజీషియన్, ప్రభుత్వ ఆస్పత్రి, పలమనేరు