ఒక్క కన్నే ఎందుకు కారుతోంది?

పినపాక, ఏడూళ్ళ బయ్యారం పల్లెల నుండి వచ్చేవారిలో "సిస్టరమ్మా, కన్ను ఊరికే కారుతోంది" అనేవారు మాకు తరచుగా కనబడుతుంటారు. కట్టెల పొయ్యి పొగ అనో, మణుగూరు బొగ్గు దుమ్ము అనో కారణం కూడా వారే చెప్పేస్తారు. పొగకు కళ్ళు కారడం నిజమే. కానీ పొగ రెండు కళ్ళకూ తగులుతుంది గదా! నెలల తరబడి ఒక్క కన్నే కారుతుంటే ముక్కును కూడా చూపించుకోవాలి.

కంటికీ ముక్కుకూ ఏమి సంబంధం అంటారా? ఏడిస్తే ముక్కు కారడం అందరికీ తెలిసినదే. రెప్పల లోపలి మూలలో పైన ఒకటి, క్రింద ఒకటి సూదిమొనంత రంధ్రాలుంటాయి. కన్నీరు వాటిలో దిగి, చిన్న సంచిలో చేరి, ఎముకలోని సన్నని గొట్టం గుండా ముక్కులోకి పోతుంది. ఈ గొట్టాన్ని ఆనుకొనే పై దవడ ఎముకలో ఒక గాలి గది ఉంటుంది. దాన్నే సైనస్ అంటాము. పుట్టినప్పుడు అది చాలా చిన్నది. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చేకొద్దీ అదీ పెరుగుతుంది.

కొందరిలో ఈ పెరుగుదల సరిగా జరగదు. ఒక ప్రక్క గది చిన్నదిగానే ఉండిపోవచ్చు. కన్నీటి సంచి వరకు అదనపు గాలి గదులు చొచ్చుకొని రావచ్చు. దారి మూసుకుపోయిన సైనస్‌లో జిగట నీరు నిండి ఉబ్బితే అది కన్నీటి గొట్టాన్ని నొక్కుతుంది. ఇవి అరుదే. పెద్దవారిలో, ముఖ్యంగా నడివయసు దాటిన స్త్రీలలో, గొట్టం లోపలే వాచి పూడుకుపోవడం ఎక్కువ. ఏది కారణమో పైనుండి చూసి చెప్పలేము. డాక్టరు గారు కంటి మూల రంధ్రంలోకి ఉప్పునీరు ఎక్కించి చూస్తారు. గొంతులో ఉప్పగా తగిలితే దారి తెరచి ఉన్నట్లే. సైనస్ మీద అనుమానం ఉంటే సి.టి. స్కాన్ తీయిస్తారు.

పూడిన గొట్టాన్ని వదలి, సంచి నుండి ముక్కులోకి కొత్త దారి చేసే ఆపరేషన్‌ను 1904లో ఇటలీ వైద్యుడు టోటి వివరించారు. ఇప్పుడు ముఖం మీద కోత లేకుండా ముక్కులో నుండే చేయవచ్చు. సైనస్ తేడాగా ఉంటే ఆ సంగతి ముందే తెలియడం సర్జనుకు ఎంతో అవసరం. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కన్నీటి దారి జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది.

పసిపిల్లల సంగతి వేరు. గొట్టం చివర పలుచని పొర ఉండిపోయి కన్ను కారుతుంది. చాలామందికి ఏడాది లోపు అదే తెరచుకుంటుంది. తల్లి గోళ్ళు తీసుకొని, చేతులు కడుక్కొని, కంటి లోపలి మూల నుండి ముక్కు ప్రక్కగా క్రిందికి మెల్లగా నొక్కుతూ రాయాలి. ఎలా చేయాలో మా నర్సులు చూపిస్తారు. ఆకు పసరు, చనుబాలు కంట్లో పోయకండి. నాయనమ్మలకు కోపం వచ్చినా సరే! బిడ్డ వెలుతురు చూడలేకపోతున్నా, కన్ను పెద్దదిగా కనిపించినా, నల్లగుడ్డు మసకబారినా అది నీటికాసులు కావచ్చు. వెంటనే తీసుకురండి.

తునికాకు రోజుల్లో కూలి పోతుందని పెద్దలు చూపించుకోవడం వాయిదా వేస్తారు. ఆ ఇబ్బంది మాకు తెలుసు. ఒట్టి నీరే కారుతుంటే కొద్ది రోజులు ఆగవచ్చు. కానీ కంటి మూల ఎర్రగా వాచి, నొప్పితో జ్వరం వస్తే మాత్రం ఆ రోజే రావాలి. నీటితో రక్తం వచ్చినా, మూలలో గట్టి గడ్డ తగిలినా ఆలస్యం చేయవద్దు.