బొమ్మల పుస్తకములును పసివారి చదువును

మా పాఠశాలకు చేరియున్న చిన్న తరగతులలో ఒకనాడు మేమొక బాలుని పిలిచి బొమ్మల పుస్తకమును చదువుమంటిమి. వాడు మొదటి పుట మొదలు తుదిపుట వఱకు ఒక్క తప్పైనను లేకుండ చదివెను. మేము మిక్కిలి సంతసించితిమి. పిదప ఏమి తోచియో, ఒక బొమ్మను అఱచేతితో మూసి, దాని క్రిందనున్న "కాకి" యను మాటను చూపి, యిదేమని యడిగితిమి. వాడు మా చేతివంక చూచి యూరకుండెను. బొమ్మల ననుసరించి పుస్తకమంతయు వల్లించినాడే గాని ఆ మాటను చదివినవాడు కాడు. వానికి చదువు బాగుగా వచ్చునని అంతకుముందు పట్టికలో వ్రాసినవారమును మేమే.

ఇంతమాత్రమున బొమ్మలు చెడ్డవని మేము చెప్పబోము. పసివాడు బడికి వచ్చునాటికే ఆవు, కడవ, గాలిపటము మున్నగు మాటలు వాని నోట నున్నవి. అక్షరములు మాత్రము క్రొత్తవి. తెలిసినదానిని తెలియనిదానితో ముడివేయుటయే బొమ్మ చేయవలసిన పని. ఈ సంగతిని మొరేవియా దేశస్థుడగు కొమీనియసు అను ఉపాధ్యాయుడు ఏనాడో గ్రహించెను. ఆయన 1658వ సంవత్సరమున నూరెంబర్గు పట్టణమున ప్రకటించిన బొమ్మల పుస్తకమున వస్తువులకు అంకెలు వేసి, ఆ అంకెలనే ప్రక్కనున్న మాటలకును చేర్చెను. అక్షరములు నేర్పుటకు ఆయన యెన్నుకొన్నవి కాకి కూత, గొఱ్ఱెపిల్ల అఱపు, గాలి వీచు సవ్వడి, పసిబిడ్డ యేడుపు. బొమ్మను చూచిన బిడ్డకు ధ్వని తానై నోట రావలెనని ఆయన తలంపు.

మన అక్షరమాల పుస్తకములలో ఈ మెలకువ తఱుచుగా లోపించుచున్నది. "ఘ" యను అక్షరమునకు "ఘటము" అని వ్రాసి కుండ బొమ్మ వేయుదురు. బాలుడు దానిని చూచి "కుండ" యనును. వాని తప్పేమి? వాని యింటనున్నది కుండయే గదా! అట్లే ఛత్రమునకు గొడుగనియు, ఖడ్గమునకు కత్తియనియు, ఫలమునకు పండనియు వాడు చెప్పును. ఉన్నదున్నట్లు చెప్పినందుకు మనము వానిని గద్దించుచున్నాము. పసివారి మాటలలో అరుదుగా వచ్చు ఈ అక్షరములు కొన్ని నెలలు వేచియుండిన నష్టము లేదని మా యభిప్రాయము.

కావున మొదటి పుస్తకమున తల, వల, జడ, పలక, పడవ వంటి తలకట్టు మాటలుండుట మేలు. తరువాత గుణింతములు, ఆ పిమ్మట ఒత్తులు. "అమ్మ"కు ఒత్తున్నదని దానిని వెనుకకు నెట్టవలదు సుమా! ఆ మాటను బిడ్డ రూపముచేతనే గుర్తించును.

వచ్చిన మాటయే మరల మరల వచ్చుటయు ముఖ్యము. అమెరికాలో డాక్టరు సూస్ అను పేరున వ్రాసిన థియొడోరు గైసెలు 1957లో టోపీ పెట్టుకొన్న పిల్లి కథను 236 వేర్వేరు మాటలతోను, 1960లో మఱియొక పుస్తకమును 50 మాటలతోను ముగించెను. తెలుగున ఆ లెక్క అట్లే సాగదు. పిల్లి యనునది పిల్లిని, పిల్లికి, పిల్లితో నని రూపు మార్చుకొనును. బిడ్డకు ఒక్కొక్కటియు క్రొత్తమాటవలె తోచును. అందుచే మన పుస్తకములలో మాట మాత్రమే గాక వాక్యమే మరల వచ్చుచు, అందొక్క మాట మాఱుచుండుట మంచిది. "పిల్లి వచ్చెను, కుక్క వచ్చెను, కోడి వచ్చెను" అనుట పెద్దలకు విసుగు, పసివానికి విందు.

ఇట్టి పుస్తకములు నేడు దొరకనివి కావు. బెంగుళూరున 2004లో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ వారు తమ కథలను ఒకటి మొదలు నాలుగు వఱకు మెట్లుగా విభజించియున్నారు. 2015లో వారు ప్రారంభించిన స్టోరీవీవర్ అను అంతర్జాల గ్రంథాలయమున తెలుగు బొమ్మల కథలను వెల లేకుండ చదువుకొనవచ్చును. మొదటి మెట్టు పుస్తకములను ముందు తీసికొనుడని తలిదండ్రులకు మా మనవి.

పైని చెప్పిన బాలుని తల్లిని పిలిపించి, యింటివద్ద రోజును కొంతసేపు వానిచేత చదివింపుమంటిమి. ఆమె, "నాకు అక్షరమ్ముక్క రాదు గదా, పంతులుగారూ!" అనెను. "బొమ్మకు చేయి యడ్డము పెట్టుట వచ్చును గదా, అమ్మా! ముందు బొమ్మలో నేమున్నదో చెప్పింపుము. తరువాత దానిని మూసి, మాటను చూపి యడుగుము. వాడు చెప్పిన పిమ్మట చేయి తీయుము; సరియో కాదో బొమ్మయే మీ యిద్దఱికిని చెప్పును" అంటిమి. ఆమె నవ్వి, పుస్తకమును కొంగున చుట్టుకొని వెడలిపోయెను.

రెండు నెలలు గడచినవి. బాలుడిపుడు చేయి యడ్డమున్నను "కాకి"ని, "పలక"ను చదువుచున్నాడు. "కోడి" వద్ద మాత్రము ఇంకను తడబడుచున్నాడు. మొన్న వాడు మా బల్లయొద్దకు వచ్చి, తన తల్లి పాలదుకాణము పలకమీద "పాలు" అను మాటను తానుగా చదివినదని రహస్యమువలె చెప్పిపోయెను.