మీకు తెలుసా? రైలు టికెట్ కింద మారిన ప్రాసెసర్లు

హైదరాబాద్‌లోని నల్లకుంట వాళ్లకు కాచిగూడ స్టేషన్ కూతవేటు దూరం. అక్కడి కౌంటర్లో ఫారం నింపి ఇచ్చినా, ఇంట్లో కూర్చుని ఫోన్లో బుక్ చేసినా బెర్తు ఖాయం చేసేది ఒకే రిజర్వేషన్ వ్యవస్థ. దేశంలో కంప్యూటర్ రిజర్వేషన్‌కు ఇప్పుడు నలభై ఏళ్లు. ఈ నలభై ఏళ్లలో అడుగున ఉన్న ప్రాసెసర్లు మారాయి. మళ్లీ మారబోతున్నాయి. కోట్ల రికార్డులు చెదరకుండా యంత్రం మార్చడం ఎంత పెద్ద పనో చెప్పే విశేషాలివి.

● సికింద్రాబాదే ముందు

కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో న్యూఢిల్లీలో మొదలైంది. ‘ఇంప్రెస్’ అనే ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది అప్పటి ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ. 1978లో ఐబీఎం మన దేశం విడిచి వెళ్లినప్పుడు దాని కంప్యూటర్ల నిర్వహణను నెత్తికెత్తుకున్నదీ ఈ సంస్థే. దాని పరిశోధనాభివృద్ధి కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండేది. అయితే ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాల్లోని కంప్యూటర్లు అప్పట్లో దేనికవే పనిచేసేవి. వాటిని కలపడానికి రైల్వేల సొంత సంస్థ ‘క్రిస్’ రూపొందించిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ దేశంలో మొట్టమొదట అమలైంది సికింద్రాబాద్‌లో, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్‌కల్లా ఐదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి. ఎక్కడినుంచి ఎక్కడికైనా ఒకే కౌంటర్లో టికెట్ తీసుకునే వీలు అలా వచ్చింది.

● నాలుగు ప్రాసెసర్లు, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్

కాన్సర్ట్‌ను సీ, ఫోర్ట్రాన్ భాషల్లో రాశారు. అది నడిచేది ఓపెన్‌వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1977లో తెచ్చిన వ్యాక్స్ కంప్యూటర్ల కోసం పుట్టిన సిస్టమ్ ఇది. 1992లో అదే కంపెనీ తెచ్చిన 64 బిట్ల ఆల్ఫా ప్రాసెసర్‌కు మారింది. 2003లో ఇంటెల్ వారి ఇటానియం మీద తొలిసారి బూట్ అయింది. ఇవాళ మన ఆఫీసు కంప్యూటర్లలో ఉండే ఎక్స్86 రకం ప్రాసెసర్ల మీద 2019లో బూట్ అయింది. ఒక్కో ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలు వేరు. కాబట్టి ప్రతిసారీ ప్రోగ్రాములను సాధారణంగా మళ్లీ కంపైల్ చేయాలి, అంటే కొత్త ప్రాసెసర్ ఆదేశాల్లోకి మార్చాలి. మళ్లీ పరీక్షించాలి.

● ఒకటి కాస్తా కోటిన్నర దాటిపోతుంది

నాలుగు బైట్లలో దాచిన సంఖ్యను కొన్ని ప్రాసెసర్లు చిన్న స్థానం నుంచి, మరికొన్ని పెద్ద స్థానం నుంచి మొదలుపెట్టి రాస్తాయి. ఒక పద్ధతిలో దాచిన 1ని రెండో పద్ధతిలో చదివితే 1,67,77,216 అవుతుంది! అందుకే స్పార్క్ అనే మరో రకం ప్రాసెసర్ ఉన్న యంత్రాల నుంచి ఎక్స్86 యంత్రాలకు ఒరాకిల్ డేటాబేస్‌ను తరలించేటప్పుడు ఫైళ్లను కాపీ చేస్తే చాలదు, మార్చి రాయాలి. ఆ సదుపాయాన్ని ఒరాకిల్ తన 10జీ వెర్షన్‌తో ఇచ్చింది. దశాంశ సంఖ్యలతోనూ ఇలాంటి చిక్కే ఉంది. వ్యాక్స్ వాటిని తనదైన పద్ధతిలో దాచేది. ఇటానియంకు తెలిసింది అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈఈఈ పద్ధతి ఒక్కటే. పాత పద్ధతిలోని ప్రతి సంఖ్యనూ సాఫ్ట్‌వేర్ మార్చి లెక్కకట్టి, మళ్లీ పాత రూపంలోకి తేవాల్సి వచ్చింది.

● 512 నుంచి 8,192కి

వ్యాక్స్‌లో మెమరీని 512 బైట్ల పేజీలుగా విభజించేవారు. ఆల్ఫాలో పేజీ 8,192 బైట్లు. పేజీ అంటే 512 అనుకుని రాసిన ప్రోగ్రాములను వెతికి సరిచేయాల్సి వచ్చింది.

● బండి ఆగకుండానే ఇంజిన్ మార్పు

ఓపెన్‌వీఎంఎస్‌లో క్లస్టర్ అనే ఏర్పాటు 1980ల నుంచీ ఉంది. అనేక కంప్యూటర్లు అవే డిస్కులను, అవే ఫైళ్లను పంచుకుంటాయి. వ్యాక్స్, ఆల్ఫా ఒకే క్లస్టర్‌లో ఉండొచ్చు. ఆల్ఫా, ఇటానియం కూడా అంతే. కొత్త యంత్రాన్ని పాతవాటి పక్కన చేర్చి, పని కొద్దికొద్దిగా దానిమీదికి మళ్లించి, చివరికి పాతదాన్ని తీసేయవచ్చు.

● కోర్టుకెక్కిన ప్రాసెసర్

ఇటానియం కోసం ఇక సాఫ్ట్‌వేర్ చేయబోమని 2011 మార్చిలో ఒరాకిల్ ప్రకటించింది. ఆ ప్రాసెసర్‌తో సర్వర్లు అమ్ముకునే హెచ్‌పీ దావా వేసింది. చేసితీరాలని 2012లో కాలిఫోర్నియా కోర్టు చెప్పింది. 2016లో జ్యూరీ 300 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలంది. హెచ్‌పీ గెలిచింది కానీ ఇటానియం నిలవలేదు. 2021 జులైతో దాని సరఫరాను ఇంటెల్ ఆపేసింది.

● ఆర్మ్ మీద బయటపడే దాగిన తప్పులు

ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం ప్రాసెసర్లు ఇప్పుడు సర్వర్లలోకీ వచ్చాయి. ఒరాకిల్ తన 19సీ డేటాబేస్‌ను 2023లో వాటి మీదికి తెచ్చింది. ఇక్కడో మెలిక ఉంది. ప్రాసెసర్‌లోని ఒక కోర్ (లెక్కలు చేసే భాగం) ముందు బెర్తు వివరాలు రాసి, తర్వాత ‘సిద్ధం’ అనే గుర్తు పెట్టిందనుకోండి. ఎక్స్86లో మిగతా కోర్‌లకు అవి అదే వరుసలో కనబడతాయి. ఆర్మ్‌లో వివరాలకన్నా ముందే గుర్తు కనబడవచ్చు. వరుస తప్పొద్దని ప్రోగ్రాములో స్పష్టంగా చెప్పాలి. ఆ జాగ్రత్త మరిచిన ప్రోగ్రాము ఎక్స్86 మీద ఏళ్ల తరబడి చక్కగా నడిచి, ఆర్మ్ మీద ఎప్పుడో ఒకసారి తప్పు చదువుతుంది. పట్టుకోవడం చాలా కష్టం.

● ఇప్పుడు రైల్వేల వంతు

ప్రస్తుత రిజర్వేషన్ వ్యవస్థ 2010లో ఏర్పాటైందనీ, ఇటానియం సర్వర్ల మీద ఓపెన్‌వీఎంఎస్‌తో నడుస్తోందనీ, దాన్ని క్లౌడ్‌కు అనువైన కొత్త వ్యవస్థకు మారుస్తామనీ రైల్వే శాఖ 2025లో ప్రకటించింది. నిమిషానికి 32,000 టికెట్ల సామర్థ్యం లక్షన్నర దాటుతుందనీ, విచారణలు నిమిషానికి 4 లక్షల నుంచి 40 లక్షలకు పెరుగుతాయనీ చెప్పింది.

పండగ రద్దీలో బెర్తు కోసం తంటాలుపడే మనకు ఈ వేగం అవసరమే. కానీ వేగం కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. పాత యంత్రం ఇచ్చిన జవాబునే కొత్తదీ ఇస్తోందా? రెండింటినీ కొంతకాలం పక్కపక్కన నడిపి, రికార్డుల సంఖ్య, మొత్తాలు సరిచూసి, తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి ఉంచుకున్న తర్వాతే పాతదాన్ని ఆపాలి. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న ఇంజినీరింగ్ పట్టభద్రులు ఈ తరలింపు విద్య మీద మనసు పెట్టాలి. యంత్రాల ఆయుష్షు కొన్నేళ్లే. రికార్డులు అంతకంటే ఎక్కువకాలం ఉండాలి. వాటిని కాపాడగలిగినవాళ్లు రైల్వేలకే కాదు, ప్రతి బ్యాంకుకూ, ప్రతి ఆస్పత్రికీ కావాలి.