మైనస్ 59 డిగ్రీల కథ

అమ్మలూ, ఆ మనిషి ఉమ్మిన ఉమ్ము నేలను తాకేలోపే గాల్లో చిటపటమంది. అతనికి ఒక లెక్క తెలుసు. చలి ఫారెన్‌హీట్ కొలతలో సున్నాకు 50 డిగ్రీలు కిందికి దిగితే, ఉమ్ము మంచు మీద పడగానే చిటపటమంటుంది. ఇదేమో గాల్లోనే అంటోంది. అంటే చలి 50 దాటి ఇంకా చాలా కిందికి పోయిందన్నమాట. నిజానికి ఆ రోజు మైనస్ 75. మన సెల్సియస్ లెక్కలో మైనస్ 59.

జాక్ లండన్ రాసిన ‘టు బిల్డ్ ఎ ఫైర్’ అనే చిన్న కథలోది ఈ సంగతి. కథలో ఉన్నదల్లా ఒక మనిషి, అతని వెంట ఒక కుక్క, మంచు కప్పిన దారి, కాసిని అగ్గిపుల్లలు. అతనికి పేరు కూడా లేదు. పొద్దున తొమ్మిదింటికే దారిలో ఉన్నాడు, సాయంత్రం ఆరింటికల్లా స్నేహితుల గుడిసెకు చేరాలి. ఇందులో దొంగ లేడు, దాయాది లేడు, పగబట్టినవాడు లేడు. అయినా చదివేవాడికి ఊపిరి ఆడదు. ఎందుకో చెప్తాను విను. కథ జరిగే చోటు నాటకంలో వెనక కట్టే తెర లాంటిదని చాలామంది అనుకుంటారు. ఈ కథలో ఆ తెరే ముందుకొచ్చి నడిపిస్తుంది. ఇందులో జరిగే ప్రతి మలుపు వెనకా ఒక భౌతికశాస్త్ర సూత్రం ఉంది. ఆ సూత్రాలు తెలియకపోయినా కథ బాగుంటుంది, తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ముందు ఆ చోటు సంగతి. కెనడా వాయవ్య మూలన యూకాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి క్లోండైక్ ఏటి పరిసరాల్లో 1896లో బంగారం దొరికింది. మరుసటి ఏడాది వేలమంది అక్కడికి పరుగెత్తారు. వాళ్లలో 21 ఏళ్ల జాక్ లండన్ కూడా ఉన్నాడు. 1897–98 శీతాకాలమంతా స్టూవర్ట్ నది కలిసే చోట ఒక కర్రల గుడిసెలో గడిపాడు. దగ్గర్లోని హెండర్సన్ వాగు మీద తవ్వుకునేందుకు ఒక చెక్క నేల తన పేర రాయించుకున్నాడు కూడా. బంగారం దాదాపు ఏమీ దక్కలేదు. తాజా కూరా పండూ లేక స్కర్వీ పట్టుకుంది, చిగుళ్లు వాచాయి. మన పెరట్లో ఉసిరికాయ ఒకటి చాలు దానికి మందు! ఆ జబ్బుతోనే 1898లో ఇంటిముఖం పట్టాడు. కానీ హెండర్సన్ వాగు అతని తలలో ఉండిపోయింది. ఈ కథలో మనిషి నడిచేది సరిగ్గా ఆ వాగు వెంటే.

ఆ చోటు దాదాపు 63 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన కాకినాడలో డిసెంబరు నెల మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అక్కడ మూడు డిగ్రీలు పైకి వస్తే గొప్ప. దక్షిణాన ఓ చిన్న కొండ ఉంటే చాలు, రోజుల తరబడి కనపడడు. కథ మొదట్లోనే, ఆకాశంలో మబ్బు లేదు, సూర్యుడూ లేడు అని రచయిత చెప్తాడు. నేలకు వేడి ఇచ్చేవాడు లేడు. మబ్బు లేదు కాబట్టి నేల వేడి పైకి పోకుండా ఆపేదీ లేదు. ఇక చలి పేరుకుపోతుంది.

మైనస్ 59 అంటే ఎంతో ఊహకు అందదు. లంబసింగిలో తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగితేనే మనకు అది వార్త. పాదరసం మైనస్ 39 దగ్గర గడ్డకట్టేస్తుంది, కాబట్టి అక్కడ పాదరసం థర్మామీటరు పనికిరాదు. ఆ రోజుల్లో యూకాన్‌లో ఒక వ్యాపారి ఆరుబయట సీసాలు వరసగా పెట్టేవాడట. ఒకదాంట్లో పాదరసం, ఒకదాంట్లో కిరోసిన్, మిగతావాట్లో ఘాటైన మందులు. ఏ సీసా దాకా గడ్డకట్టిందో చూసి, ఈ రోజు దారిపట్టవచ్చా లేదా అని చెప్పేవాడు. లండన్ చలిని పెంచి రాశాడేమో అనుకోకు. 1947 ఫిబ్రవరి 3న అదే యూకాన్‌లోని స్నాగ్ అనే చోట మైనస్ 63 సెల్సియస్ నమోదైంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. ఇంట్లో గాలి 25 అనుకుంటే తేడా 12. ఒంట్లోంచి వేడి ఎంత తొందరగా బయటికి పోతుందన్నది దాదాపుగా ఈ తేడాను బట్టే ఉంటుంది. ఆ మనిషికి తేడా ఎంత? 37, 59 కలిపితే 96. మనకంటే ఎనిమిది రెట్లు! దళసరి బట్టలూ, నడకా, కడుపులోని కొవ్వు మాంసం ఈ మూడూ కలిసి ఆ తేడాకు అడ్డుకట్ట వేస్తున్నాయి. మూడింట్లో ఏ ఒక్కటి జారినా గడియారం మొదలవుతుంది. యాభై దాటిన చలిలో ఒంటరిగా బయల్దేరవద్దని సల్ఫర్ క్రీక్ ముసలాయన ఒకడు అతనికి ముందే చెప్పాడు. పోరా ముసలీ అనుకున్నాడు మనవాడు.

ఇక అసలు మలుపు. అంత చలిలో అతని కాళ్లు నీళ్లలో పడతాయి. మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ ఆగిపోతాం. రాయి పగిలే చలిలో నీళ్లెక్కడివి? కొండ పక్కల ఊటల్లోంచి వచ్చే నీళ్లవి. నేల లోతుల్లోంచి వస్తాయి గనక సున్నాకు పైనే ఉంటాయి. వాగు పైన మంచుగడ్డ దళసరెక్కి అడుగు దాకా బిగుసుకున్నప్పుడు, వచ్చే నీటికి దారి లేక గడ్డ మీదికి పొంగి పారుతుంది. దాని మీద పలచటి గడ్డ పొర, ఆ పైన మెత్తటి మంచు కప్పు. ఆ కప్పు నిండా గాలి చిక్కుకుని ఉంటుంది, గాలి వేడిని సులువుగా పోనివ్వదు. దాంతో కింది నీళ్లు నీళ్లుగానే ఉండిపోతాయి. పైకి చూస్తే గట్టి నేలే. కాలు వేశాడంటే పిక్కల దాకా దిగుతుంది.

చూశావా, ఈ ప్రమాదాన్ని రచయిత ఎక్కడినుంచో పట్టుకొచ్చి పెట్టలేదు. ఆ నేల, ఆ చలి కలిస్తే ఆ నీళ్లు అక్కడ ఉండి తీరతాయి. కథలో అతనికి వాటి సంగతి తెలుసు, దారంతా జాగ్రత్తగా చూసుకుంటూనే నడుస్తాడు. ఏ గుర్తూ కనపడని చోటే పడతాడు.

తడిస్తే ఏమవుతుంది? నీరు వేడిని గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా లాగేస్తుంది. ఉన్ని మేజోళ్లలో గాలి ఉన్నంతసేపే కాళ్లకు రక్షణ, ఆ చోట నీళ్లు చేరాయంటే రక్షణ పోయినట్టే. ఇక పరుగెత్తి తప్పించుకోవడం కుదరదు, ఆగి నిప్పు చేసి ఆరబెట్టుకోవాల్సిందే. ఆగితే నడకతో పుట్టే వేడి పోతుంది. కథలో ఇంతకంటే బిగి ఎవరు బిగించగలరు!

నిప్పు వెలిగిస్తాడు. బర్చ్ చెట్టు బెరడు ముక్కతో అంటిస్తాడు, అందులో నూనెల్లాంటి పదార్థాలు ఉంటాయి గనక తడిసినా భగ్గుమంటుంది. మన పూర్వులు రాసుకున్న భూర్జపత్రం కూడా ఆ జాతి చెట్టు బెరడే. మంట లేస్తుంది, గెలిచాననుకుంటాడు. కానీ మంట వేసింది ఒక స్ప్రూస్ చెట్టు కింద. ఎండు పుల్లలు అక్కడే చేతికి అందుతున్నాయి కాబట్టి. వారాల తరబడి గాలి వీచలేదని రచయిత అప్పుడు చెప్తాడు. గాలి వీచి ఉంటే కొమ్మలమీది మంచు ఎప్పుడో రాలిపోయేది. వీచలేదు గనక ప్రతి కొమ్మా మోయగలిగినంతా మోస్తూ ఉంది. పుల్ల లాగినప్పుడల్లా చెట్టు కొద్దిగా కదిలింది. చివరికి పైకొమ్మ ఒకటి తన బరువు దించుకుంది, అది కింది కొమ్మల మీద పడి వాటి బరువూ దింపింది, అలా పెరుగుతూ వచ్చి మొత్తం మంట మీద పడింది. అమ్మలూ, నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. గాలి లేకపోవడం కూడా ఒక సంఘటన కాగలదని నాకు మరే కథా ఇంత బాగా చూపలేదు.

రెండో మంట వేద్దామంటే వేళ్లు రావు. ఇదీ శాస్త్రమే. ఒళ్లు చల్లబడుతుంటే గుండె, మెదడు, ఊపిరితిత్తులు కాపాడుకోవడానికి శరీరం చేతులకీ కాళ్లకీ వెళ్లే రక్తనాళాలను బిగించేస్తుంది. ప్రాణం నిలుపుకోవడానికి అది చేసే మంచి పని అది. కానీ ఆ మనిషి ప్రాణం నిలవాలంటే ఇప్పుడు కావలసింది వేళ్లే! పుల్ల చేతిలో ఉందో లేదో కళ్లతో చూస్తేగానీ తెలియదు. డెబ్బై అగ్గిపుల్లలూ రెండు అరచేతుల మధ్య పట్టి ఒకేసారి గీస్తాడు. మాంసం కాలుతున్న వాసన వస్తుంది గానీ నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. కుక్కను చంపి దాని పొట్టలో చేతులు పెట్టుకుందామనుకుంటాడు. పట్టుకోగలిగాడు గానీ చంపలేకపోయాడు, కత్తి తీయడానికి వేళ్లు లేవు. దయ కలిగి వదిలెయ్యలేదు సుమా, చలి వదిలించింది. ఆఖర్న హాయిగా నిద్ర ముంచుకొస్తుంది. చలికి చనిపోయేవాళ్లలో కొందరికి చివర్లో వెచ్చగా అనిపిస్తుందని వైద్యులు చెప్పేదీ అదే.

కుక్క బతుకుతుంది. అది అక్కడ పుట్టిన జంతువు. తడిసిన పాదాల వేళ్ల సందుల్లో గడ్డకట్టిన మంచును వెంటనే కొరికి తీసేసుకుంటుంది. ఎందుకని దానికి తెలియదు, దాని ముత్తాతల నెత్తుటికి తెలుసు. ఇదే పేరుతో లండన్ 1902లో పిల్లల పత్రికకు ఒక కథ రాశాడు. అందులో కుక్క లేదు, మనిషికి పేరుంది, దెబ్బతిన్నా బతికి బయటపడతాడు. 1908లో మళ్లీ రాసినప్పుడు కుక్కను తెచ్చి పక్కన పెట్టాడు, మనిషిని చావనిచ్చాడు. రెండోదే లోకానికి గుర్తుంది. ఆ కుక్క ఉండబట్టి, ఆ చోటులో బతకడం అంటే ఏమిటో మనకు పక్కపక్కనే కనిపిస్తుంది. రెండు కథలూ చదివి నువ్వే చూడు.

చలి సంగతి మనకెందుకు అంటావేమో. మన వాన ఉంది, మన గాలి ఉంది. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ కథ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్లు పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. ఆయన కాకినాడ పి.ఆర్. కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పిన మనిషి. తుఫాను ఎలా నడుస్తుందో తెలిసిన సముద్రతీరం వాడు. నియమాల మనిషి ఒకాయన రైల్లో వెళుతుంటాడు, అదే రైల్లో ఒక బిచ్చగత్తె ఉంటుంది, దారిలో గాలివాన.

తుఫాను ఒక్కసారిగా విరుచుకుపడదు. సముద్రం వేడికి పుట్టిన అల్పపీడనం ఒడ్డుకు వస్తున్నకొద్దీ గంటగంటకూ గాలి పెరుగుతుంది. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర కొమ్మలు ఊగుతాయి, 120 దాటితే చెట్లు కూలతాయి. స్తంభాలు ఒరుగుతాయి, తీగలు తెగుతాయి, దీపం నిలవదు, కబురు అందదు, రైలు కదలదు. మామూలు రోజున ఒకే గదిలో కూర్చోని ఇద్దరిని ఆ రాత్రి స్టేషన్‌లో ఒకచోట చేర్చింది ఇదే. తర్వాత ఏమైందో నేను చెప్పను, చదువు. ఆ కథను ఎండాకాలం మధ్యాహ్నానికి మార్చి చూడు, ఆయన రైలు దిగి జట్కా ఎక్కి వెళ్లిపోతాడు. కథే ఉండదు.

అన్నట్టు నువ్వు స్కూలు పత్రికకు రాస్తానంటున్నది కోరంగి మడ అడవుల కథ కదూ? తమ్ముడికి జ్వరం వస్తే అక్క రాత్రిపూట పాయలో నావ వేసుకుని మందు తేవడానికి వెళుతుంది, బాగుంది. కానీ పాయలో నీళ్లు ఎటు పోతున్నాయో నువ్వు చెప్పలేదు. మన ఒడ్డున రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. చంద్రుణ్ని బట్టి వస్తాయి కాబట్టి ఏ రోజుకా రోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే వరసలోకి వచ్చి లాగుతారు, నీరు ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువ దిగుతుంది. అష్టమి దగ్గర ఆ తేడా తగ్గుతుంది. పాటు సమయంలో అక్క బయల్దేరితే వెళ్లేటప్పుడు నీరే నావను సముద్రం వైపు లాక్కెళుతుంది, తెడ్డు అంతగా వెయ్యక్కర్లేదు. మందు తీసుకుని అదే పాటులో తిరిగొస్తుంటే ఎదురు నీరు. ఇంకా ఆలస్యమైతే నీరు పూర్తిగా దిగి, నావ మడ వేళ్ల మధ్య బురదలో కూరుకుపోతుంది. పోటు ఎక్కేదాకా, అంటే కొన్ని గంటలు, కదలదు. చేతిలో మందు, ఇంట్లో జ్వరం, చుట్టూ బురద.

పౌర్ణమి అయితే వెన్నెల ఉంటుంది, బురద కూడా ఎక్కువ బయటపడుతుంది. అష్టమి అయితే నావ ఆగకపోవచ్చు, కానీ సగం రాత్రి చీకటి. ఈ రెంట్లో అక్కకు ఏది కష్టమో నాకు తెలియదు, నీకే తెలియాలి. గోడ మీది పంచాంగం తీసుకుని, ఆ రాత్రి ఏ తిథో ముందు తేల్చుకో.