కాపురము ఏ దేశమున?

బ్రిటనులో పుట్టి, అచ్చటి పౌరసత్వము గల తెలుగింటి పిల్ల యొకతె గుంటూరిలోనో హనుమకొండలోనో నివసించు యువకుని పెండ్లాడినదనుకొందము. పూర్వమైనచో ఇక మిగిలిన పని మంచిరోజు చూచి, సారె సర్దుకొని కాపురమునకు పోవుటయే. నేడు అట్లు గాదు. వరుని తన యూరికి రప్పించుకొనగోరిన పిల్లను ఆ దేశపు హోంశాఖ "నీ యేటి రాబడి యెంత?" అని యడుగును. 2024 ఏప్రిల్ 11న అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము ఆ ప్రశ్నకు చాలిన సమాధానము 29,000 పౌనులు. రాబడి చూపలేనివారు 88,500 పౌనుల నిలువధనము ఆరుమాసములుగా తమ స్వాధీనముననే యున్నట్లు రుజువు చేయవలెను. వికలాంగులకిచ్చు కొన్ని భృతులను పొందువారికి తప్ప తక్కిన వారికి సామాన్యముగ ఇదియే కొలత. ఈ కొలతకు అందని దంపతులకు కడపట తోచు ఆలోచన యొకటి కలదు: అతనికి ఇచ్చటికి దారి లేనిచో నేనే అతని దేశమునకు పోయెదను.

వినుటకు ఇది సులభముగనే యుండును. కాని యీ యాలోచన వెనుక రెండు లెక్కలున్నవి. పోవుట యెట్లనునది ఒకటి. మరల వచ్చుట యెట్లనునది రెండవది. దంపతులు మొదటి లెక్కతోనే సంతుష్టి చెంది ప్రయాణమగుచున్నారు. చిక్కంతయు రెండవదానిలో నున్నది.

ముందుగా ఈ 29,000 సంగతి చూతము. 2024 ఏప్రిల్‌లో ఆ దేశమున పెద్దవారికి చట్టము నిర్ణయించిన కనీసపు కూలి గంటకు 11 పౌనుల 44 పెన్నీలు. వారమునకు 35 గంటల చొప్పున ఏడాది పొడవునను శ్రమించినవారికి ముట్టునది సుమారు 20,820 పౌనులు. అనగా వృద్ధుల యాశ్రమములో సేవచేయు పిల్లయో, దుకాణములో లెక్కలు వ్రాయు కుర్రవాడో నిజాయితీగా కష్టించియు భార్యను గాని భర్తను గాని తెచ్చుకొను యోగ్యత సంపాదింపజాలడు. స్త్రీల సగటు రాబడి పురుషుల రాబడికంటె తక్కువ గనుక ఈ భారము స్త్రీలపైననే మిక్కిలిగా పడుచున్నది. పోనీ, గుంటూరిలోని భర్త నెలకు లక్ష రూపాయలు గడించుచున్నాడనుకొందము. ఆ గడింపు ఈ లెక్కలో చేరదు. బ్రిటనులో ఆతనికి దొరుకబోవు ఉద్యోగమును చేరదు. ఉద్యోగపు జీతము విషయమున కొలచునది అచ్చటి పౌరురాలి జీతమును మాత్రమే.

ఈ నిబంధన 2012 జూలైలో 18,600 పౌనులతో మొదలైనది. 2023 డిసెంబరులో నాటి ప్రభుత్వము దీనిని 38,700కు పెంచెదమని ప్రకటించి, పిదప విడతలుగా పెంచ నిశ్చయించి, మొదటి విడతగా 29,000 చేసినది. 2024 జూలైలో వచ్చిన క్రొత్త ప్రభుత్వము తక్కిన పెంపును ఆపివేసినది. మెట్టుపై నిలిపినారేగాని మెట్టు దింపలేదు. దీనికి దరఖాస్తు రుసుము వేరు. ఆరోగ్య సేవల పేరిట 2024 ఫిబ్రవరినుండి ఏటికి 1,035 పౌనుల పన్ను మరియొకటి.

"మీ ఆయన దేశమునకే పొండు" అనుమాట దంపతుల నోట పుట్టినది గాదు. అది న్యాయస్థానముల తీర్పులలో స్థిరపడిన వాదము. 1985 మే 28న యూరపు మానవహక్కుల న్యాయస్థానము అబ్దులజీజ్, కబాలెస్, బల్కందాలీ అను మువ్వురు స్త్రీల వ్యాజ్యమును తీర్చినది. వీరు బ్రిటనులో స్థిరనివాసపు హక్కుగలవారు. వీరి భర్తలకు అచ్చట నుండుటకు అనుమతి నిరాకరింపబడినది. అబ్దులజీజ్ మలావీలో పుట్టిన భారత సంతతి స్త్రీ. తనకు ఏ దేశపు పౌరసత్వమును లేదని చెప్పుకొన్నది. ఆమె భర్త మన డామన్‌లో పుట్టి పోర్చుగల్లు పౌరుడైనవాడు. ఎచ్చట కాపురముండవలెనో దంపతులు కోరుకొన్నంత మాత్రమున రాజ్యము ఆ కోరికను మన్నింపవలసిన బాధ్యత లేదనియు, భర్తల దేశములలోగాని తమ సొంత దేశములలోగాని కాపురము చేయుటకు అడ్డంకులున్నట్లు వీరు చూపలేదనియు ఆ న్యాయస్థానము పలికినది. అయితే ఒక విషయమున వీరిదే గెలుపు. భార్యను తెచ్చుకొను పురుషునికి సులువుగను, భర్తను తెచ్చుకొను స్త్రీకి కష్టముగను నిబంధన లుండుట లింగవివక్ష యని తీర్పు వచ్చినది. బ్రిటిషు ప్రభుత్వము ఈ తీర్పును శిరసావహించిన తీరు మెచ్చదగినది! పంక్తిలో నాకు నేయి వడ్డింపలేదని యొకడు మొరపెట్టగా, ప్రక్కవాని విస్తరిలోని నేయిని తీసివేసి సమత్వము నెలకొల్పినట్లు, పురుషులకున్న సులువును గూడ తొలగించినది.

ఆ దినములలో వరునిపై వేరొక భారము కూడ నుండెడిది. బ్రిటనులో ప్రవేశించుటయే తన పెండ్లికి ముఖ్యోద్దేశము గాదని ఆతడే నిరూపించుకొనవలెను. లేని యుద్దేశమును లేదని నిరూపించుట యెట్లో తర్కశాస్త్రము చదివినవారికే తెలియవలెను. మన యుపఖండపు వరులను అనేకులను త్రిప్పిపంపిన ఈ నియమము 1997 జూన్‌లో రద్దయినది. తరువాత పదునైదేండ్లకు రాబడి కొలత వచ్చినది. ఆ కొలతను 2017 ఫిబ్రవరిలో బ్రిటను సుప్రీంకోర్టు మూలమున సమర్థించి, బిడ్డల క్షేమమును తగినట్లు పరిగణింపలేదని మాత్రము ఆక్షేపించినది.

నడుమ ఒక దొడ్డిదారి యుండెడిది. దానికి మన దేశస్థుని పేరే నిలిచిపోవుట విశేషము. సురీందర్ సింగ్ అను భారతీయుడు 1982లో బ్రిటిషు పౌరురాలిని వివాహమాడెను. 1983 మొదలు 1985 వరకు దంపతులిరువురును జర్మనీలో ఉద్యోగములు చేసి, వ్యాపారము పెట్టుకొనుటకై బ్రిటనుకు తిరిగివచ్చిరి. పిమ్మట ఆతని నివాసహక్కు వివాదమై, 1992 జూలై 7న యూరపు సమాజ న్యాయస్థానము ఆతని పక్షమున తీర్పుచెప్పినది. సమాజములోని వేరొక దేశమున పనిచేసి తిరిగివచ్చు పౌరునికి జతగాని వెంటబెట్టుకొని వచ్చు హక్కు కలదని దాని సారాంశము. పిదప ఎందరో దంపతులు ఐర్లండుకో, మరియొక దేశమునకో పోయి కొంతకాలము పనిచేసి ఈ దారినే స్వదేశము చేరిరి. డెన్మార్కులో 2002లో దంపతులిరువురికిని 24 ఏండ్లు నిండవలెనను నిబంధన తెచ్చినప్పుడు, కోపెన్‌హాగెను యువకులు 2000లో తెరచిన వంతెనను దాటి స్వీడనులోని మాల్మోలో కాపురములు పెట్టి, ప్రతిదినము స్వదేశమునకు ఉద్యోగమునకు పోయివచ్చుచుండిరి. బ్రిటను యూరపు కూటమిని వీడుటతో, 2020 డిసెంబరు 31 తరువాత పయనమైన దంపతులకు సురీందర్ సింగ్ దారి మూసికొనిపోయినది. ఇక మిగిలినవి రెండు: ఆ కొలతకు తూగుట, లేదా జతగాని దేశమునకు పోవుట.

ఆ జతగాని దేశము మనదైనచో వచ్చువారికి ఎట్టి స్థానము లభించును? తన పౌరుడు పెండ్లాడిన విదేశీయురాలి విషయమున మన ప్రభుత్వము ఆతని జీతమెంతయని అడుగదు. ఇది మన చట్టమునకు గౌరవము. ఆమె తొలుత ప్రవేశ వీసాపై వచ్చును. వివాహము రిజిస్టరై రెండేండ్లు నిరాటంకముగ నిలిచిన పిదప ఓసీఐ, అనగా విదేశీ భారత పౌరుల పట్టికలో చేర్చుకొను కార్డు కొరకు దరఖాస్తు పెట్టవచ్చును. దానితో ఎంతకాలమైనను ఉండవచ్చును, ఉద్యోగము చేయవచ్చును. ఓటు లేదు; సామాన్యముగ ప్రభుత్వోద్యోగము లేదు. 2021 నాటి ప్రకటన ప్రకారము పత్రికావృత్తికి ప్రత్యేకానుమతి కావలెను. మా వృత్తికి ఇంతటి భయంకరత్వము ఎక్కడినుండి వచ్చినదో మాకు తెలియదు. భూవసతి గల చదువరులు గమనింపవలసినది మరియొకటి: వ్యవసాయ భూమినిగాని, ఫారంహౌసునుగాని, తోటలనుగాని కొనుటకు ఓసీఐ కార్డు అనుమతి నీయదు. మామగారు ముచ్చటపడి కోడలి పేర నాలుగెకరములు కొనదలచినచో ముందుగా వకీలును సంప్రదించుట మేలు. ఏడేండ్లు ఇచ్చట నివసించినచో ఆమె భారత పౌరసత్వమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. కాని మన చట్టము ద్వంద్వ పౌరసత్వము నొప్పుకొనదు గనుక పుట్టినదేశపు పౌరసత్వమును వదలుకొనవలెను.

ఈ ఓసీఐలో తెలిసికొనదగిన భేదమొకటి యున్నది. తల్లిదండ్రులో, తాతలో, ముత్తాతలో భారత పౌరులైయుండిన తెలుగింటి పిల్లకు ఆ వంశక్రమముననే కార్డు లభించును. భారతీయ రక్తసంబంధము లేని ఆంగ్లేయ యువతికి అది వివాహము మూలముగనే లభించును. ఒకరిది పుట్టింటి హక్కు, రెండవవారిది మెట్టినింటి హక్కు. పౌరసత్వ చట్టములోని 7డీ సెక్షను ప్రకారము వివాహము రద్దయినచో ఆ రెండవ కార్డును రద్దుచేయవచ్చును. భర్తతో చెడినప్పుడు ఆమెకు ఇల్లు మాత్రమే గాదు, దేశమే చేజారవచ్చును. ఇచ్చట బిడ్డలను కని పెంచుచున్న తల్లి విషయమున ఇది కఠినమని మా యభిప్రాయము. బ్రిటను చట్టమును విమర్శించు నోటితోనే దీనిని గూడ విమర్శింపకున్న మన మాటకు విలువ యుండదు.

బిడ్డల సంగతి వచ్చినది గనుక మరియొక మాట. ఒక దేశమునుండి తల్లిదండ్రులలో ఒకరు రెండవవారి సమ్మతిలేక బిడ్డను వేరొక దేశమునకు తీసికొనిపోయినచో త్రిప్పి యప్పగించుటకు 1980లో హేగ్ నగరమున ఒక ఒడంబడిక యేర్పడినది. బ్రిటను అందు చేరినది, మనము చేరలేదు. కాబట్టి కాపురము చెడినప్పుడు బిడ్డలు ఎచ్చటనున్నారనునదే ముఖ్యమై, ఏండ్ల తరబడి రెండు దేశముల కోర్టులచుట్టు తిరుగవలసిన యవస్థ కలుగుచున్నది. పెండ్లినాడు చెడుమాట తలపరాదని మన యాచారము. దేశము మారునాడైనను తలచుట మంచిది.

ఇక తిరుగుదారి. మన పిల్ల గుంటూరు వచ్చి ఐదేండ్లు కాపురము చేసినది. తల్లికి జబ్బుచేసినదనియో, బిడ్డల చదువులకనియో భర్తతో గూడ బ్రిటనుకు మరలవలెనన్న కోరిక కలిగినది. ఆమె పాస్‌పోర్టు ఆమెను ఎప్పుడైనను పోనిచ్చును. భర్త విషయమున అదే పాత ప్రశ్న. జీతము మూలముగ కొలతకు తూగవలెనన్న ఆమె ఇచ్చట రూపాయలలో గడించుచున్న జీతమే 29,000 పౌనులకు సమానము కావలెను. అంతేగాక, చేరిన మూడుమాసములలో మొదలగునట్లు అంతే జీతముగల ఉద్యోగము బ్రిటనులో నిశ్చయమై యుండవలెను. గుంటూరిలో బడిపంతులమ్మగా నున్న పిల్లకు ఇది యెట్లు సాధ్యము? అచ్చటనుండగా 22,000 చూపలేకపోయిన పిల్ల కాదు. 22,000 చూపినను చాలక ఇచ్చటికి వచ్చిన పిల్ల. ఇప్పుడామె చూపగలిగినది అంతకంటెను తక్కువ. అప్పుడు ఆమె ఒంటరిగా ముందుపోయి, బిడ్డలను వెంటనిడుకొని, ఉద్యోగము సంపాదించి, ఆరుమాసముల జీతపు చీటీలు కూర్చుకొని భర్తకు కబురంపవలెను. ఏ వియోగమును తప్పించుకొనుటకు దేశము విడిచినదో ఆ వియోగమే ఐదేండ్ల తరువాత, బిడ్డలు పుట్టినపిదప, ఎదురు వచ్చుచున్నది.

చిన్న లెక్కలును కలవు. బ్రిటను ప్రభుత్వపు వృద్ధాప్య పింఛను మన దేశమున నివసించువారికి ముట్టునుగాని ఏటేట పెరుగదు. మొదట నిర్ణయమైన మొత్తమే కడవరకు. భారతదేశమున పుట్టిన ఆమె బిడ్డ తల్లివలన బ్రిటిషు పౌరత్వము పొందినను, ఆ బిడ్డకు బ్రిటను వెలుపల పుట్టువారికి సామాన్యముగ అది సంక్రమింపదు. బ్రిటిషు పాస్‌పోర్టు ఉన్నను, చదువు మొదలగుటకు ముందు మూడేండ్లు అచ్చట నివసింపని విద్యార్థిని విశ్వవిద్యాలయములు సామాన్యముగ విదేశీయుని క్రిందనే లెక్కించి హెచ్చు జీతము వసూలుచేయుచున్నవి.

భర్త దేశమునకు వచ్చి మన చరిత్రలో నిలిచిన స్త్రీలు లేకపోలేదు. కేంబ్రిడ్జిలో పుట్టిన నెల్లీ గ్రే 1909లో జతీంద్రమోహన సేనగుప్తను వివాహమాడి వంగదేశమునకు వచ్చినది. ఖద్దరు అమ్మినది, చెరకు పోయినది. 1933లో కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షురాలైనది. ఆ యేటనే భర్త రాంచీలో నిర్బంధమున మరణించెను. 1947లో దేశము చీలినప్పుడు భర్త ఊరగు చిట్టగాంగు పాకిస్తానులో చేరగా ఆమె అచ్చటనే నిలిచి, 1954లో తూర్పు బెంగాలు శాసనసభకు ఎన్నికైనది. ఆమె నమ్మివచ్చిన దేశమే ఆమె కాలిక్రింద రెండుమారులు పేరు మార్చుకొన్నది. 1971లో అది బంగ్లాదేశమైనది. 1972లో చికిత్సకై కలకత్తా వచ్చి మరుసటి యేట అచ్చటనే కన్నుమూసినది. ఆమె ధైర్యము అందరికి నుండవలెనని యే చట్టమును విధింపజాలదు.

పోదలచినవారు పోకముందు చేయదగిన పనులు కొన్ని గలవు. నిలువధనమున్నవారు దానిని ఇల్లు కొనుటకో, నగలకో వెచ్చింపక తిరుగుదారి కొరకు కొంత కట్టియుంచుకొనవలెను. ఉద్యోగము చేయు పిల్ల, వీలైనచో బ్రిటనులోని యజమానితోనే సెలవో దూరపు పనియో మాట్లాడుకొనవలెను. అన్నిటికంటె ముందు వివాహమును రిజిస్టరు చేయించుకొనవలెను. ఆంధ్రదేశమున 2002 నాటి చట్టమే దీనిని విధి చేసినది. ఓసీఐ కొరకు లెక్కించు రెండేండ్లకు పురోహితుని మంత్రములు చాలవు. రిజిస్ట్రారు కాగితము కావలెను. కల్యాణమంటపమునకు, విందులకు లక్షలు క్రుమ్మరించు మన పెద్దలు ఈ కాగితమును "తరువాత చూతములే" యని నెలల తరబడి త్రోసివేయుచుందురు. పిల్ల సామాను కట్టుకొను వేళకు దానికై పరుగులెత్తుదురు.